షెడ్డులో ఆరువందల నలభై కిలోమీటర్లు

మా అమ్మమ్మ ముప్పై ఒక్క ఏళ్లు కారులో తిరిగింది. స్టీరింగు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఉండేది. ఆవిడ పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పేది. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్లు గోడ వైపో చెత్తకుండీ వైపో పోనిస్తే దాన్ని తొక్కి ఆపడం ఆవిడ ఉద్యోగం. వీధిలో అందరూ బ్రేకమ్మ అంటారు. అసలు పేరు బ్యాంకువాళ్లకు తెలుసు.

ఉద్యోగం పోయి ఐదేళ్లయినా ఆ కబురు కాలికి ఇంకా అందలేదు. మావయ్య ఫోనులో గొంతు పెంచితే ఆవిడ కాలు నేలను నొక్కుతుంది. టీవీలో ఎవరైనా తొందరపడి ప్రేమించేస్తే నొక్కుతుంది. నేను మూడోసారి అన్నం పెట్టుకుంటుంటే కూడా నొక్కింది. నేను చూశాను, ఆవిడ ఒప్పుకోదు.

ఉద్యోగం ఎలా పోయిందంటే, ఎడమ కన్ను మసకబారింది. పక్కనుంచి వచ్చే బండి కనిపించదని కళ్ల డాక్టరు రాసిచ్చాడు. ఆ చీటీ చూసి రవాణా ఆఫీసువాళ్లు నేర్పే లైసెన్సు పొడిగించడం కుదరదన్నారు.

“రెండు కళ్లూ బాగున్నవాళ్ల కోసమే కదా నేను ఇన్నేళ్లు బ్రేకు తొక్కింది” అంది అమ్మమ్మ. ఆ మాట అక్కడ ఎవరూ రాసుకోలేదు.

కారు మిగిలింది. లేత ఆకుపచ్చ రంగు చిన్న కారు. వెనక అద్దం మీద “నేర్చుకుంటున్నాం, కాస్త ఓపిక పట్టండి” అని రాసి ఉంటుంది. అమ్మేద్దామన్నాడు మావయ్య. మావయ్యది అద్దె కుర్చీల వ్యాపారం. మూడువందల ప్లాస్టిక్ కుర్చీలు వాకిట్లో ఎండకు ఎండి వానకు తడుస్తుంటే, షెడ్డులో కారు హాయిగా నీడపట్టున ఉండటం ఆయనకు కంట్లో నలుసు. అమ్మమ్మ వినలేదు. కారు అమ్మకుండా ఊరికే ఉంచుకోవడానికి ఏం చేయాలో అడగడానికి ఆఫీసుకు వెళ్లింది. తోడు నేను.

కౌంటరులో గుమస్తా రూలు చెప్పాడు. కారు మన పేరు మీద ఉన్నంతకాలం, తిప్పినా తిప్పకపోయినా, రోడ్డు పన్ను కట్టాలి, ఇన్సూరెన్సు ఉండాలి. నా కారు రోడ్డెక్కదు అనుకుంటే, పన్ను గడువు తీరకముందే నిలుపుదల కాగితం ఇవ్వాలి. కారు ఎక్కడ ఉంటుందో అందులో రాయాలి. అది సొంత స్థలం కావాలి. వీధిలో ఒక్క చక్రం ఆనినా రోడ్డెక్కినట్టే లెక్క. ఏటా కాగితం మళ్లీ ఇవ్వాలి. అలా ఇచ్చినంతకాలం పన్ను లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. కారు వాడినట్టు తేలిందా, మొదటి రోజు నుంచి పన్ను, దాని మీద జరిమానా, ఇన్సూరెన్సు లేకుండా నడిపినందుకు ఇంకో కేసు. అవి కట్టకపోతే ఆఫీసు లారీ వచ్చి కారును ఎక్కించుకుపోతుంది.

ఆ కాగితం నేనే నింపాను. తొమ్మిదో తరగతిలోనే చదువూ నేనూ విడిపోయాం. చదవడం వచ్చు, అర్థం కావడం దైవాధీనం. అమ్మమ్మకు అర్థమవుతుంది, కంటికి అక్షరాలు ఆనవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా చదువు. గుమస్తా ఇంటికొచ్చి షెడ్డు చూసి, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరులో అంకె రాసుకుని, ముద్ర వేసి వెళ్లాడు.

ఆ తర్వాతి వారం ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు.

“కదలని కారుకు కూడా ప్రమాదాలుంటాయండీ. షెడ్డు కూలొచ్చు. ఎలుకలు వైర్లు కొరకొచ్చు. నిలబెట్టిన కార్లకు చవకలో పాలసీ ఉంది.”

“షెడ్డు కూలితే మావాడు కుర్చీలకు కొత్త షెడ్డు వేసుకుంటాడు. ఎలుకల సంగతి పిల్లి చూసుకుంటుంది. రూలు ప్రకారం కావాలా, అక్కర్లేదా?”

“రూలు ప్రకారం అక్కర్లేదు కానీ...”

“ఆ కానీ దగ్గర ఆపు నాయనా. నా కారు పోయి ఎవర్నీ గుద్దదు. ఎవరైనా షెడ్డులోకొచ్చి దాన్ని గుద్దాలి.”

“అది కూడా ఈ పాలసీలో వస్తుందండీ” అన్నాడు పాపం ఏజెంటు. అమ్మమ్మ కాలు నేలను నొక్కింది. ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

ఒకేచోట నిలబెడితే టైర్లు ఒకవైపే అణిగిపోతాయని మెకానిక్కు చెప్పాడు. మావయ్య సణుక్కుంటూనే నాలుగు ఇనుప స్టాండ్లు తెచ్చి కారును వాటి మీదికి ఎత్తించాడు. నాలుగు చక్రాలూ నేలకు జానెడు పైన గాలిలో ఉన్నాయి. బ్యాటరీ చచ్చిపోకుండా ఆదివారం ఆదివారం అమ్మమ్మ షెడ్డు తలుపులు బార్లా తీసి ఇంజను తిప్పేది. నాలుగేళ్లు అలాగే గడిచాయి. కథ అంతటితో అయిపోవలసింది. పక్కింటి నర్సు రాకపోతే.

నర్సుకు కొత్త ఉద్యోగం వచ్చేలా ఉంది. మంచం దిగలేని రోగులను ఇళ్లకు వెళ్లి చూసే ఉద్యోగం. కారు వాళ్లే ఇస్తారు, నడపడం మనకు రావాలి. ఆవిడ రెండుసార్లు పరీక్షకు వెళ్లి రెండుసార్లూ తప్పింది. మెయిన్ రోడ్డు డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్లు అరుస్తుంటే ఆవిడ ఏ కాలు దేని మీద ఉందో మర్చిపోయేదట.

“పిన్నిగారూ, నాకు మీరు నేర్పండి” అంది.

“నా కారు రోడ్డెక్కదమ్మా. కాగితం ఇచ్చాను.”

“రోడ్డెక్కొద్దు. రోడ్డంటేనే నాకు భయం.”

అమ్మమ్మ స్టాండ్ల మీదున్న కారు వైపు చూసింది. తర్వాత నర్సును షెడ్డులోకి తీసుకెళ్లి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. తను పక్క సీట్లో సర్దుకుంది. ఉద్యోగం పోయాక ఆవిడ అంత హాయిగా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

“క్లచ్చు మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టు.”

“పగిలితే, పిన్నిగారూ?”

“నాలుగు వేలమంది తొక్కారు, పగల్లేదు. ఇప్పుడు మెల్లగా వదులు. చూశావా, ఇంజను గొంతు మారింది. అదే చెబుతుంది నీకు. దాని మాట విను, నా మాట తర్వాత.”

ముందు చక్రాలు గాలిలో గిర్రున తిరిగాయి. నర్సు మొదటి గేరు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు వెళ్లింది. కారు ఎక్కడికీ వెళ్లలేదు. వాకిట్లో ట్రాఫిక్ నేను. రెండు చేతులూ చాపుకుని వస్తే లారీని. వంకరటింకరగా వస్తే సైకిలును. మధ్యలో ఆగి ఫోను చూసుకుంటే రోడ్డు దాటే మనిషిని. ఒకరోజు నేను లారీగా వస్తుంటే నర్సు హారన్ మోగించింది.

“లారీకి నువ్వు హారన్ కొట్టకు. అదే నీకు కొడుతుంది” అంది అమ్మమ్మ. నేను నోటితో కొట్టాను. మావయ్య కుర్చీల మధ్యనుంచి లేచి నిలబడి, వీళ్లకు పిచ్చి ముదిరిందని ఫోనులో ఎవరికో చెప్పాడు.

నర్సు చెప్పగా ఇంకో ముగ్గురు వచ్చారు. అందరూ అరుపులకు భయపడి మానేసినవాళ్లే. అమ్మమ్మ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పుచ్చుకుంటే అది స్కూలవుతుంది, స్కూలుకు లైసెన్సు కావాలి. ఆ మాత్రం రూలు ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలియనిది ఇంకొకటి ఉంది. అది తర్వాత తెలిసింది.

మెయిన్ రోడ్డు స్కూలు ఓనరు ఫిర్యాదు పెట్టాడు. ఆయన కూడా ఒకప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవాడే. మూడుసార్లు తప్పాడన్న సంగతి అమ్మమ్మ ఊరంతా చెప్పింది. నిలుపుదలలో ఉన్న కారును వాడుతున్నారని ఆయన రాసిన రాతలో ఆ కడుపుమంట కూడా కాస్త ఉండొచ్చు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన సమయానికి నర్సు నాలుగో గేరులో ఉంది. నేను లారీగా వెనక్కి నడుస్తూ వెళ్లి ఆయన్ను గుద్దాను.

“ఏం జరుగుతోందిక్కడ?” అన్నాడాయన.

“డ్రైవింగు” అన్నాను. ఇంట్లో అందరి కాళ్లకూ బ్రేకులున్నాయి, నా నోటికే లేదు.

ఆయన కుర్రవాడు, మర్యాదస్తుడు. కారు చుట్టూ తిరిగాడు. స్టాండ్లు చూశాడు. నర్సును దిగమని, లోపలికి వంగి మీటరు చూసి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని చూశాడు. ఆయన మొహం మారింది. నోటీసు పంపుతామని చెప్పి వెళ్లిపోయాడు.

విచారణ రోజున అమ్మమ్మ, మావయ్య, నేను వెళ్లాం. ఆఫీసరు గది మూలలో పట్టుకున్న బండ్ల నంబరు పలకలు గుట్టగా పోసి ఉన్నాయి. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని మాట్లాడాడు.

“అమ్మగారూ, మీరు కారు వాడుతున్నారని ఫిర్యాదు.”

“వాడలేదండీ. కూర్చున్నాం.”

“నేర్పుతున్నారట.”

“ఇంట్లో కూర్చుని వంట నేర్పితే హోటలు పన్ను అడుగుతారా?”

ఆఫీసరు కాగితం తిప్పాడు.

“సరే. మొదటి కాగితం ఇచ్చినప్పుడు మీటరు ఎంతుందో మా గుమస్తా రాశాడు. మొన్న ఎంతుందో ఇన్‌స్పెక్టరు రాశాడు. మధ్యలో ఆరువందల నలభై కిలోమీటర్లు. షెడ్డులోంచి కదలని కారు ఇంత దూరం ఎలా వెళ్లింది?”

మావయ్య మెల్లగా అమ్మమ్మ వైపు తిరిగాడు.

“ఎక్కడికెళ్లావమ్మా?”

కన్నకొడుకే అలా అడిగితే ఎలా ఉంటుందో చూడండి. నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నేను నిద్రలేచేది పొద్దెక్కాక. అంతలో ఆవిడ ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. స్టాండ్ల మీదినుంచి కారును ఎవరు దించారన్నది నా బుర్రకు వెంటనే తట్టలేదు.

“నేను ఎక్కడికీ వెళ్లలేదు” అంది అమ్మమ్మ. “మీటరు ఎందుకు తిరిగిందో నాకు తెలియదు.”

“తెలియదంటే ఒప్పుకున్నట్టే. పెద్దవారు కనుక ఒక దారి చెబుతాను. వాడినట్టు ఇక్కడ సంతకం పెట్టండి, జరిమానా సగం తగ్గిస్తాను. పన్ను మాత్రం మొత్తం కట్టాలి. లేదంటే పది రోజుల్లో కారు పట్టుకుపోతాం.”

“పెట్టేయమ్మా” అన్నాడు మావయ్య. “కారు పాత ఇనుముకు ఇచ్చేస్తే ఆ పన్నుకు సరిపోతుంది. షెడ్డూ ఖాళీ అవుతుంది.”

“చేయని ప్రయాణానికి నేను టికెట్టు కొననురా” అంది అమ్మమ్మ. పెన్ను ఆఫీసరు ముందుకు నెట్టి లేచింది.

అలా లేచినావిడ ఇంటికి రాగానే షెడ్డు తలుపులు తెరిచి, “ఏమే, ఎక్కు” అంది.

నాకు ఎప్పుడూ స్టీరింగు ఇవ్వలేదు. నోటికి బ్రేకు లేనిదానికి కారు ఇవ్వకూడదని ఆవిడ సిద్ధాంతం. ఎక్కాను. ఆవిడ పక్క సీట్లోంచి నా మీదుగా ఒరిగి, బాగున్న కన్ను మీటరుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. రోజూ చూసిందే కనుక మూడో గేరు దాకా వేశాను. ముందు చక్రాలు గాలిలో తిరిగాయి. మీటరులో చివరి అంకె బద్ధకంగా ఒళ్లు విరుచుకుని, పైకి జరిగి, తర్వాతి అంకెకు చోటిచ్చింది.

“ఆపు” అంది అమ్మమ్మ. తనే బ్రేకు తొక్కింది కూడా.

“ఏంటమ్మమ్మా?”

“ఇది చక్రాన్ని నమ్ముకుందే పిల్లా, నేలను కాదు. చక్రం గాలిలో తిరిగినా ఊరు దాటామనే అనుకుంటుంది.” ఆవిడ నుదురు కొట్టుకుంది. “ముప్పై ఏళ్లు అందరికీ మీటరు చూడకు, రోడ్డు చూడు అని చెప్పి చెప్పి నేనే చూడటం మానేశాను.”

అంతమందికి నేర్పిన మనిషి, కారులో ప్రతి మరకూ తెలిసిన మనిషి, ముక్కు ముందున్న డబ్బా సంగతి మర్చిపోయింది. నేను వారం రోజులు ఏడిపించాను. అందులో మొదటి మూడు రోజులు ఆఫీసు బల్ల మీద కూర్చుని ఏడిపించాను. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే మేం మళ్లీ అక్కడికి వెళ్లాం.

“మీరొచ్చి చూడండి” అంది అమ్మమ్మ ఆఫీసరుతో.

“ఆఫీసరు ఇంటికొచ్చి చూడాలని రూల్లో లేదు.”

“రాకూడదని ఉందా?”

“లేదు కానీ...”

“అయితే వచ్చేదాకా కూర్చుంటాం.”

గది బయట బల్ల మీద కూర్చున్నాం. అమ్మమ్మ నన్ను రూలు కాగితం పైకి చదవమంది. చదివాను. నాకు అర్థం కానిచోట ఇంకా గట్టిగా చదివాను. తప్పు చదివితే లోపలినుంచి ఆఫీసరు దిద్దేవాడు. “బహిరంగ ప్రదేశంలో వాడబడినచో” అన్న ముక్క రాగానే అమ్మమ్మ “మళ్లీ చదువు” అనేది. నేను మళ్లీ చదివేదాన్ని. వచ్చినవాళ్లు, పోయేవాళ్లు, లైసెన్సు కోసం వరసలో నిలబడ్డవాళ్లు అందరికీ ఆ వాక్యం నోటికొచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసరు టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

“పదండి తల్లీ. ఇంకోసారి ఆ వాక్యం వింటే నేనే ఉద్యోగం మానేస్తాను.”

షెడ్డు దగ్గర ఇన్‌స్పెక్టరు, మావయ్య, నర్సు నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు కారెక్కబోతే అమ్మమ్మ వద్దంది.

“నువ్వు కాదు బాబూ. సంతకం పెట్టేవారే నడపాలి.”

పెద్దాయన ఎక్కాడు. ఎన్నో ఏళ్లుగా ఆఫీసు జీపులో వెనక సీట్లో తిరిగే మనిషి. సీటు వెనక్కి జరుపుకోవడమే రెండు నిమిషాలు పట్టింది. అమ్మమ్మ పక్కన కూర్చుంది.

“ముందు అద్దం చూసుకోండి.”

“షెడ్డులో అద్దమెందుకండీ?”

“అలా అన్నవాళ్లు అందరూ తప్పారు.”

ఆయన అద్దం చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నేల మీద సుద్దముక్కతో చక్రాల కింద గీతలు గీసి, మీటరు అంకె రాసుకున్నాడు. ఇంజను మొదలైంది. ఒకటో గేరు బాగానే పడింది. రెండోది గరగరలాడింది. మావయ్య పళ్లు జివ్వుమన్నట్టు మొహం పెట్టాడు.

“క్లచ్చు పూర్తిగా తొక్కండి. భయం లేదు, ఇక్కడ ఎవరూ అరవరు” అంది అమ్మమ్మ మెత్తగా. నర్సుకు చెప్పే గొంతుతోనే చెప్పింది. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. అయినా బుద్ధిగా తొక్కాడు. మూడో గేరుకు వచ్చాక ఆయనకే సరదా పుట్టినట్టుంది. నేను లారీగా రాబోతే ఇన్‌స్పెక్టరు నా జడ పట్టుకుని ఆపాడు.

“ఎంతయింది?” అన్నాడు ఆఫీసరు, ముందుకే చూస్తూ.

“కిలోమీటరు పైన రెండువందల మీటర్లు, సార్” అన్నాడు ఇన్‌స్పెక్టరు వంగి చూసి.

“ఇప్పుడు దిగి, ఎక్కడికొచ్చారో చూసుకోండి” అంది అమ్మమ్మ.

ఆయన దిగాడు. సుద్దగీతలు చూశాడు. గాలిలో ఇంకా తిరుగుతున్న చక్రాన్ని చూశాడు. వాకిట్లో కుర్చీల గుట్టలను కూడా చూశాడు, దారిలో ఎక్కడైనా మారాయేమోనన్నట్టు. తర్వాత మావయ్య వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని రాశాడు. నేనూ భుజం మీదుగా తొంగి చదివాను. వాహనం ఉన్నచోటునుంచి కదలలేదు, బహిరంగ ప్రదేశంలో వాడబడలేదు, పన్నుకూ ఇన్సూరెన్సుకూ బాధ్యత లేదు, నోటీసు రద్దు. నర్సు గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిడ పరీక్ష పది రోజుల్లో ఉంది.

సంతకం పెట్టబోయి ఆఫీసరు ఆగి, కింద ఇంకో వరస రాశాడు.

“ఒక్క షరతు. ఆ మీటరు వైరు పీకేయండి. చక్రం తిరిగినా అంకె తిరగదు. వచ్చే ఏడాది మళ్లీ ఈ తలనొప్పి ఉండదు.”

ఎవరు విన్నా న్యాయమే అనిపించే మాట. మావయ్య అప్పటికే కటింగు ప్లేయరు తెచ్చేశాడు.

“పీకను” అంది అమ్మమ్మ.

“అమ్మా” అన్నాడు మావయ్య.

“నువ్వుండరా. నేను నేర్పినవాళ్లు నడిపిన ప్రతి కిలోమీటరూ ఆ డబ్బాలో ఉంది. గోడ గుద్దబోయినవాళ్లదీ ఉంది, వాడెవడో మెయిన్ రోడ్డు వాడిదీ ఉంది. ఈ నర్సు పిల్లవి మాత్రం ఎందుకు ఉండకూడదు? రోడ్డు లేకపోతే నేర్చుకోనట్టా?”

“అమ్మగారూ, నా మాట వినండి. అంకె పెరిగితే కంప్యూటరు దానంతటదే నోటీసు పంపుతుంది. నా చేతిలో ఉండదు.”

“పంపమనండి.”

“మళ్లీ విచారణకు రావాలి.”

“వస్తాం. రూలు చదవడానికి మనిషి ఉంది. మళ్లీ మీరూ రావాలి, ఇంకో కిలోమీటరు నడపాలి. రెండో గేరు మీకు ఇంకా సరిగ్గా పడటం లేదు.”

ఇన్‌స్పెక్టరు తల పక్కకు తిప్పుకుని దగ్గాడు. ఆఫీసరు కళ్లజోడు నుదుటి మీదినుంచి కిందికి దించి, షరతు రాసిన వరసను అడ్డంగా కొట్టేశాడు. కింద సంతకం పెట్టాడు.

మావయ్య కటింగు ప్లేయరు జేబులో పెట్టుకుని కుర్చీల దగ్గరికి పోయాడు. అమ్మమ్మ కారులోనే ఉంది, దిగలేదు.

“ఏమ్మా, నిలబడ్డావేం?” అంది నర్సుతో. “ఆయన వెనక్కి జరిపిన సీటు ముందుకు జరుపుకుని కూర్చో. ఇవాళ రివర్సు.”